బ్యాటరీ తాగేసే కారు

వారమంతా ఇతరుల తప్పులు వెతకడమే నా ఉద్యోగం. మాదాపూర్‌లో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎవరో రాసిన ప్రోగ్రాము ముందు పెట్టుకుని, ఇది ఎక్కడ చెడిపోతుందా అని రోజుకు పది గంటలు చూడటం, చెడిన చోట వేలు పెట్టి చూపించడం, రాసినవాడి మొహం మాడితే చూసీ చూడనట్టు ఊరుకోవడం. ఊళ్ళో ఎవరిని కదిపినా కంప్యూటర్ కోర్సుల గొడవే ఆ రోజుల్లో. మావాళ్ళందరూ నన్ను అదృష్టవంతుణ్ణి అనేవారు. ఆ అదృష్టవంతుడికి బోయిగూడ అద్దె ఇంటి నుంచి ఆఫీసుకి పోను రెండు బస్సులు, రాను రెండు బస్సులు. ఇంటికి చేరాక చెప్పులు విప్పడానికి కూడా ఓపిక ఉండేది కాదు. ఆదివారం ఒక్కటీ కాళ్ళు ముడుచుకుని పడుకోవాలనిపించేది.

అలాంటి ఆదివారాలు వరసగా నాలుగు, నేరేడ్‌మెట్‌లో మా అన్నయ్య పాత కారు బానెట్ కింద తలపెట్టి గడిపాను. అక్కడ నేను వెతికింది ఇతరుల తప్పు కాదు, నాది.

మాది శ్రీకాకుళం వైపు. అన్నయ్య నాకంటే పదేళ్ళు పెద్ద. డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం మీద ముందు సికింద్రాబాద్ వచ్చినవాడూ, వెనక నన్ను తెచ్చి చదివించినవాడూ ఆయనే. ఆ కారంటే ఆయనకి పిచ్చి. ఎవరో మిలిటరీలో రిటైరైన పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేస్తే కొన్నాడు. గుండ్రటి బానెట్, లావుపాటి స్టీరింగు, బానెట్ తెరిస్తే లోపల మనిషి నిలబడేంత చోటు. ఊరంతా చిన్న చిన్న కొత్త కార్లతో నిండిపోతుంటే ఈయన మాత్రం ఆ ఇనప్పెట్టెలో ఆఫీసుకి వెళ్ళొచ్చేవాడు. డ్రాయింగు బల్లలు తీసేసి ఆఫీసులో కంప్యూటర్లు పెట్టాక ఆయనకి చేతికి పనంటూ మిగిలింది ఆ బండే అనుకుంటాను. దానికి పిల్లలు లేని ఇంట్లో పిల్లకి జరిగినంత గారాబం జరిగేది.

ఈ కాలం కార్లకీ దానికీ ఒక తేడా ఉంది. అందులో కరెంటు తయారుచేసేది డైనమో. బండి పరిగెడితేనే అది బ్యాటరీని నింపుతుంది. ఆగి ఆగి కదిలితే నింపదు. అన్నయ్య కొన్నప్పుడు రోడ్లు ఖాళీగా ఉండేవి, ఇబ్బంది రాలేదు. తర్వాత ఎక్కడ చూసినా ఫ్లైఓవర్ల తవ్వకాలు, అడుగు తీసి అడుగు వేయలేని ట్రాఫిక్కు. బండి కదిలేది తక్కువ, లైట్లూ హారనూ తాగేది ఎక్కువ. డ్యాష్‌బోర్డు మీద చార్జింగ్ దీపం ఎర్రగా మిణుకుమనడం మొదలైంది. ఒక ఆదివారం నేను వెళ్ళినప్పుడు అన్నయ్య అది చూపించి, "ఒరే, టెస్టింగు ఇంజనీరూ, దీన్ని కాస్త టెస్టు చెయ్యరా" అన్నాడు.

నాకు ఇలాంటి పనుల మీద సరదా. డైనమోకీ బ్యాటరీకీ మధ్య చిన్న నల్ల డబ్బా ఒకటి ఉంటుంది, కటౌట్ అంటారు. డైనమో తిరుగుతున్నప్పుడు కరెంటును బ్యాటరీలోకి పోనిస్తుంది, ఆగగానే దారి మూసేస్తుంది. మూయకపోతే నింపిన కరెంటంతా వెనక్కి డైనమోలోకే కారిపోతుంది. పాతది అరిగిపోయిందని తేల్చి, రెజిమెంటల్ బజార్ అంతా తిరిగి, ఏదో పాత బండి మీంచి తీసిన కటౌట్ ఒకటి తెచ్చి నేనే బిగించాను. స్టార్ట్ చేస్తే ఎర్రదీపం చక్కగా ఆరింది. చేతులు తుడుచుకుంటూ, "ఇంక పదేళ్ళు దీని మొహం చూడక్కర్లేదు" అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత ఎన్నిసార్లు నన్ను నేను తిట్టుకున్నానో లెక్కలేదు.

మర్నాడు సోమవారం సాయంత్రం అన్నయ్య ఆఫీసు నుంచి తలనొప్పితో వచ్చి తిన్నగా మంచమెక్కాడు. మంగళ, బుధ, గురువారాలు సెలవు పెట్టి పడుకున్నాడు. ఎండ తగిలి ఉంటుందిలే అనుకున్నారు ఆయనా, వదినా. శుక్రవారం పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది, వెంటనే నోరు వంకర తిరిగింది. వదిన కేకలకి ఎదురింటాయన పరిగెత్తుకొచ్చి, అన్నయ్యని కారులో పడుకోబెట్టి తాళం తిప్పాడు. టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. మళ్ళీ తిప్పితే ఆ చప్పుడు కూడా లేదు. వదిన చెప్పుల్లేకుండా మెయిన్ రోడ్డు దాకా పరిగెత్తింది. ఆఫీసుల వేళ, ఆటో ఒక్కటీ ఆగలేదు. చివరికి ఆటో దొరికి, ఆసుపత్రికి చేరి, లోపలికి తీసుకెళ్ళాక డాక్టరు ఒకే మాట అన్నాడట. ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే బాగుండేదని.

కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. మాటలో మిగిలినవి "ఊఁ", "ఆఁ", చాలా కష్టం మీద "రా". గీతలు గీసిన చెయ్యి ఒళ్ళో పడి ఉండేది, దాన్ని కదపాలంటే ఎడమచేత్తో ఎత్తి పెట్టుకోవాలి. ఆసుపత్రి వరండాలో నేను కనబడగానే వదిన, "బండి కదల్లేదు బాబూ" అంది. ఇంకేమీ అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

కటౌట్ అతుక్కుపోయి ఉంటుంది, నాలుగు రోజులూ బ్యాటరీ కారిపోయి ఉంటుంది, నేను తెచ్చిందే ఆ పాత సరుకు. ఈ మూడు ముక్కలూ బస్సులో, ఆఫీసులో, అన్నం ముందు నా బుర్రలో తిరుగుతూనే ఉండేవి. మా ఆవిడ, "మీరే చూసి తేల్చుకోవచ్చుగా, ఎందుకు ఊరికే నలగడం" అనేది. తొమ్మిది నెలలు చూడలేదు. కారు మీద గుడ్డ కప్పి ఉండేది, ఆ గుడ్డ ఎత్తడానికి నాకు ధైర్యం లేకపోయింది.

చివరికి గుడ్డ ఎత్తించింది అన్నయ్యే. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి, మెట్లు దిగమంటే ఈయన మొండికేస్తున్నాడనీ, ఆయనకి ఇష్టమైనది ఏదైనా కింద ఉంటే దిగుతాడనీ వదినతో అందట. వదిన నాకు ఫోను చేసింది. "బాబూ, ఆ కారొక్కటి బాగుచేసి పెడితే అందులో కూచుంటారేమో. నీకు వీలైతేనే." వీలు కాదని ఎలా అనను?

మొదటి ఆదివారం బ్యాటరీ విప్పి, ఆటోలో పెట్టుకుని రెజిమెంటల్ బజార్ తీసుకెళ్ళాను. అక్కడ బ్యాటరీలు చార్జింగ్ చేసే ముసలాయన ఉండేవాడు. ఆయన వేళ్ళన్నీ యాసిడ్ తిని పగిలి ఉండేవి. సాయంత్రానికి నింపి ఇచ్చాడు. తెచ్చి బిగించి, పెట్రోలు పోసి, నానా తంటాలూ పడితే ఇంజను అందుకుంది. ఆ చప్పుడికి అన్నయ్య పైనుంచి "ఆఁ ఆఁ" అని కేకలు పెట్టాడు. వదిన, నేను చెరో పక్కా పట్టుకుంటే పదకొండు మెట్లూ దిగాడు. డ్రైవరు సీట్లో కూర్చోబెడితే స్టీరింగు మీద ఎడంచెయ్యి వేసి, సగం నోటితో నవ్వాడు. వదిన డ్యాష్‌బోర్డు మధ్యన ఉన్న సింహాద్రి అప్పన్న బొమ్మని తుడిచి, కొత్త పూలు పెట్టి, చేతులు జోడించి చాలాసేపు నిలబడింది. బండి కదిలిందన్న సంతోషమే అనుకున్నాను.

ఆ బొమ్మ గురించి ఇక్కడే చెప్పాలి. చిన్న ఇత్తడి మండపం, లోపల అప్పన్న, కింద పసుపూ కుంకుమా మెత్తిన ఎర్ర బుడ్డి దీపం, లోపల చిన్న బల్బు. స్టేషన్ ముందు అమ్మే బొమ్మల్లో లోపల సెల్లు పెట్టి ఉంటుంది చూడండి, ఇదీ అలాంటిదే అనుకున్నాను. పైగా దేవుడు. బండిలో ప్రతి బోల్టునీ అనుమానించిన వాణ్ణి, ఆ మండపం వంక చూసినప్పుడల్లా చెంపలు వేసుకుని పక్కకి తిరిగాను.

రెండో ఆదివారానికి బ్యాటరీ మళ్ళీ చచ్చింది. వదిన మొహంలో రంగు లేదు. "మళ్ళీ మొదటికొచ్చీసింది బాబూ" అంది. అన్నయ్య వరండాలో కుర్చీలో కూర్చుని మెట్ల వంక చూసి మొహం తిప్పుకున్నాడు. వారం రోజులు ఊరికే నిలబెట్టిన బండిలో బ్యాటరీ ఖాళీ అయిందంటే నేను తొమ్మిది నెలలుగా అనుకుంటున్నది నిజమేనన్నమాట.

మళ్ళీ ఆటో, మళ్ళీ ముసలాయన దుకాణం. ఆయన బ్యాటరీ మూతలు తెరిచి లోపలికి తొంగిచూశాడు.

"బ్యాటరీల కరాబ్ ఏం లేదు సార్. మంచిగుంది. మీ బండిల ఎవడో చుప్‌చాప్ కూసొని తాగుతున్నడు. గాన్ని పట్టుకోండ్రి ముందుగాల."

"ఎలా పట్టుకోవాలి?"

"గంత పరేషాన్ ఎందుకు? ఒక్క బల్బు తీస్కోండ్రి. బ్యాటరీకి కేబుల్ ఇప్పి, రెంటికి నడ్మల ఆ బల్బు పెట్టుండ్రి. చాబీ బంద్ జేసి చూడుండ్రి. బల్బు ఎలిగిందంటే ఎవడో తాగుతున్నట్టే. ఇగ షురూ చేయుండ్రి, ఒక్కొక్క వైరు ఇప్పుకుంట పోండ్రి. ఏ వైరు ఇప్పితే బల్బు ఆరిందో, గాడే దొంగ."

తలూపి వచ్చేస్తుంటే వెనక నుంచి ఇంకో ముక్క కూడా అన్నాడు. "జోరుగ ఎలిగితే పెద్ద దొంగ. మస్కగ ఎలిగితే చిన్న దొంగ. యాద్ పెట్టుకోండ్రి." నేను విన్నాను కానీ బుర్రకెక్కించుకోలేదు. నా దొంగ ఎవడో నాకు ముందే తెలుసనుకున్నాను మరి.

మూడో ఆదివారం చార్జింగైన బ్యాటరీ, రెండు వైర్లు అతికించిన బల్బు పట్టుకుని వెళ్ళాను. అన్నయ్యని ముందే దింపి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాం. ఇంజను లేకపోయినా స్టీరింగు పట్టుకుని కూర్చోవడం ఆయనకి చాలు. తాళం తీసేసి, కేబుల్‌కీ బ్యాటరీకీ మధ్య బల్బు పెట్టాను. వెలిగింది. మసకగా, పగటి వెలుతురులో చెయ్యి అడ్డం పెట్టుకుంటే తప్ప కనబడకుండా.

హెడ్‌లైట్ల వైరు విప్పాను. వెలుగుతూనే ఉంది. హారను, వైపరు, వెనక దీపాలు, బ్రేకు దీపం. ప్రతిదాన్నీ విప్పడం, బల్బు దగ్గరికి పోయి చూడటం, మళ్ళీ బిగించడం. నడుం పట్టేసింది. డిక్కీలో దీపం కూడా ఉందని అన్నయ్య వేలితో చూపిస్తే అదీ విప్పాను. ఇంజన్లో చేతికి అందిన ప్రతి వైరునీ పీకాను, ఒక్కటి తప్ప. ఫెండరు మీద నల్ల డబ్బా, నా చేత్తో బిగించిన కటౌట్, అలాగే ఉండిపోయింది. దాని స్క్రూ మీద స్క్రూడ్రైవరు పెట్టి, విప్పకుండానే వెనక్కి తీసేసుకున్నాను. ఆఫీసులో ఎవడైనా ఇలా తన ప్రోగ్రాములో ఒక భాగాన్ని పరీక్షకి ఇవ్వకుండా దాచుకుంటే నేను ఊరుకునేవాణ్ణి కాదు. మేనేజరు దాకా తీసుకెళ్ళేవాణ్ణి.

"చీకటి పడుతోంది వదినా, వచ్చే వారం చూస్తాను" అన్నాను. నిజానికి ఇంకా ఎండ గోడ దిగలేదు. కేబుల్ విప్పేసి వచ్చేశాను.

ఆ వారం ఆఫీసులో ఒకే తప్పు రెండుసార్లు రాసి పంపానని చీవాట్లు తిన్నాను. బస్సులో నిలబడి కునికిపాట్లు పడుతూ, తేలిపోతే ఏం చెయ్యాలా అని ఆలోచించాను. అన్నయ్య కాళ్ళ మీద పడాలా? పడి లేచాక ఆయన కాలు తిరిగి వస్తుందా? అలసట అన్నది ఒంటికే అనుకునేవాణ్ణి అప్పటిదాకా. ఒకే విషయాన్ని తొమ్మిది నెలలు మోస్తే వచ్చే అలసట వేరు, దానికి నిద్ర పనికిరాదు.

నాలుగో ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. అన్నయ్య సీట్లో కూర్చున్నాడు. వదిన లోపల వంటింట్లో ఉంది. బల్బు పెట్టాను, వెలిగింది. ఈసారి ఇంకేమీ ఆలోచించకుండా కటౌట్ స్క్రూలు విప్పి, వైర్లన్నీ లాగి పారేసి, కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూశాను.

బల్బు వెలుగుతూనే ఉంది.

బంపరు మీద కూలబడ్డాను. నేను కాదు. తొమ్మిది నెలలుగా అది నేను కాదు. ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాను. బానెట్ అడ్డం ఉంది కనుక అన్నయ్యకి కనబడలేదు. కాసేపటికి మొహం తుడుచుకుని లేచి, మరి ఇంకెవడు అని మళ్ళీ బల్బు వంక చూశాను. ఇంజన్లో విప్పడానికి ఏమీ మిగల్లేదు.

నేను చూస్తుండగానే బల్బు ఆరిపోయింది.

నేను ఏదీ ముట్టుకోలేదు. వైరు ఊడిందేమోనని తడిమాను. బల్బు మళ్ళీ వెలిగింది. మళ్ళీ ఆరింది. బానెట్ పక్కనుంచి తొంగిచూస్తే, అన్నయ్య ఎడంచెయ్యి డ్యాష్‌బోర్డు మధ్యన అప్పన్న పూలలో ఉంది. ఎర్ర బుడ్డి దీపాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అర తిప్పు తిప్పాడు, నా బల్బు ఆరింది. వెనక్కి అర తిప్పు, వెలిగింది. గ్లాసు సరిగా పట్టుకోలేని మనిషి, ఆ అర తిప్పు మాత్రం చూడకుండానే తిప్పుతున్నాడు. చూపంతా వంటింటి కిటికీ మీద ఉంది.

నేను వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాను. పూలు తప్పించి చూశాను. మండపమంతా పసుపూ కుంకుమా గడ్డకట్టి ఉంది కానీ, దీపం అంచున వేళ్ళు ఆనే చోట మాత్రం అరిగి నిగనిగలాడుతోంది. కింద నుంచి ఒక వైరు డ్యాష్‌బోర్డు వెనక్కి పోయింది. దానికి మొదట్నుంచి చివరిదాకా పసుపు దారం చుట్టి ఉంది. తాళంతో, ఫ్యూజుతో సంబంధం లేకుండా తిన్నగా బ్యాటరీ వైపు తంతిలో కలిపేశారు. రాత్రీ పగలూ వెలుగుతూ ఉండే దీపం. నా బల్బు మధ్యలో ఉన్నప్పుడు దానికి అందేది సగం కరెంటే, పట్టపగలు పూలచాటున అది వెలుగుతున్నట్టే నాకు తెలియలేదు.

"దీన్ని నువ్వు రోజూ తిప్పేవాడివా?" అన్నాను.

"ఆఁ."

"సాయంత్రం బండి పెట్టాక తీసేసి, పొద్దున్న మళ్ళీ పెట్టేవాడివా?"

"ఆఁ." దాంతోపాటు కిటికీ వంక ఒక చూపు.

"వదినకి తెలుసా?"

తల గట్టిగా అడ్డంగా ఊపాడు. నా మణికట్టు పట్టుకున్నాడు. పడుకున్న ఆ నాలుగు రోజులూ కిందికి దిగి దీపం తిప్పినవాళ్ళు లేరు. అదే అడిగాను. కళ్ళు మూసుకుని, తెరిచి, "ఊఁ" అన్నాడు. ఆ శుక్రవారం పొద్దున్న వెనక సీట్లో పడుకుని, తాళం టక్కుమన్నప్పుడే ఆయనకి సంగతి అర్థమైపోయి ఉంటుంది. చెప్పడానికి మాట లేదు. మొన్న మొదటి ఆదివారం కూడా, ఆయన బండి దిగేదాకా వదిన దీపం ముందే నిలబడి ఉంది, తిప్పే వీలు చిక్కలేదు.

నాకు ముందు కోపమొచ్చింది. చెప్పలేకపోతే చెయ్యి లేదా, ఇన్ని ఆదివారాలు చూపించొచ్చు కదా, నేను చచ్చిపోతున్నానని తెలీదా అని అరవబోయాను. అప్పుడాయన నన్ను చూసిన చూపులో, నేను చచ్చిపోతున్నానని ఆయనకి ఈ పొద్దున్నే తెలిసిందని అర్థమైంది. బానెట్ అడ్డం ఉన్నా ఏడుపు వినబడుతుంది కదా. అందుకే చెయ్యి చాపాడు. లేకపోతే ఈ జన్మకి చూపించేవాడు కాదు.

వదిన టీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. "ఏటి బాబూ, దొరికిందేటి?"

"దొరికింది" అన్నాను. అన్నయ్య వేళ్ళు నా మణికట్టు మీద బిగుసుకున్నాయి. ఆవిడ ఎదురుచూస్తోంది. ఎలుక వైరు కొరికిందనొచ్చు, డైనమో పోయిందనొచ్చు. కానీ ఆవిడ ముందు నిలబడేసరికి నా నోట్లో సిద్ధంగా ఉన్నది ఒక్కటే. తొమ్మిది నెలలుగా దాన్నే వల్లించాను మరి.

"కటౌట్ వదినా. నేను వేసిందే. అది అతుక్కుపోయి బ్యాటరీ అంతా తాగేసింది."

వదిన టీ గ్లాసు నా చేతికిచ్చింది. రెండోది చల్లార్చి అన్నయ్య నోటికి పట్టింది. అప్పుడు అంది.

"నాకు తెల్సు బాబూ. ఆ వేళే అనుకున్నాను. ఆయనకి వాహనగండం ఉందని పంతులుగారు చెప్తే అప్పన్నకి మొక్కుకున్నాను, ఏడాది పాటు బండిలో దీపం ఆరకుండా పెడతానని. తాళం తీసీసినా ఆరకూడదని చెప్పి మరీ వైరు కలిపించాను. పదకొండు నెలలు ఒక్క పూట ఆరలేదు. ఆ శుక్రవారం వీరిని పడుకోబెట్టి చూద్దును కదా, దీపం ఆరిపోయుంది. బ్యాటరీ పోబట్టి ఆరింది, అది ఆరబట్టి ఈయనకి ఇలా అయింది. నువ్వు ఆ ముందు ఆదివారమే కదా బండి ముట్టుకున్నావు. అనుకున్నాను గానీ, అనలేదు. నువ్వు కావాలని చేసినావేటి? ఎవరి చేతిలో ఏటుంది."

తొమ్మిది నెలలు నేను ఎదురుచూసిన క్షమ అది. చెయ్యని పనికి దొరికింది. అన్నయ్య టీ మింగలేక సగం చొక్కా మీద పోసుకున్నాడు. వదిన కొంగుతో తుడుస్తూ, "నెమ్మదిగా" అంది. ఆయన నా వంక చూడలేదు. పదకొండు నెలల పాటు ప్రతి సాయంత్రం ఆవిడ మొక్కుని అర తిప్పుతో ఆర్పి, పొద్దున్నే ఆవిడ పూలు తెచ్చేలోగా వెలిగించిన మనిషి ఆయన. నోట మాట ఉన్నా చెప్పగలిగేవాడు కాదు.

కటౌట్‌ని పాత గుడ్డతో తుడిచి, కొత్తది వేసినట్టు నటించి, అదే కటౌట్ మళ్ళీ బిగించాను. తర్వాత వదిన చూడకుండా ఆ బుడ్డి దీపాన్ని ఊడదీసుకుని ముసలాయన దుకాణానికి వెళ్ళి సంగతి చెప్తే పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ బుడ్డి బల్బు లోపలి తీగ తీసేసి, రేడియోల్లో ఉండే చిన్న ఎర్ర చుక్క దీపం పెట్టి అతికించి ఇచ్చాడు. "గిది తాగదు సార్. ఉట్టిగ వాసన చూస్తది" అన్నాడు. దాన్ని పాత చోటే బిగించాను. వదినకి తేడా తెలియలేదు. అన్నయ్యకి మాత్రం వివరంగా చెప్పాను, ఇంక తిప్పక్కర్లేదని. "ఆఁ" అన్నాడు. వదిన ఏడాది మొక్కు మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టింది.

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు కనుక ఇదంతా రాయగలుగుతున్నాను. అప్పటి తర్వాత చాలా ఆదివారాలు వెళ్ళాను. బండి ప్రతిసారీ ఒక్క తిప్పుకే అందుకునేది. అన్నయ్య పదకొండు మెట్లు దిగి, కాసేపు ఇంజను చప్పుడు విని, మళ్ళీ పైకి వెళ్ళేవాడు. నాకు తేలిగ్గా ఉంటుందనుకున్నాను కానీ, లేదు. వదిన నాకు వడ్డించేటప్పుడు మునుపటి కంటే ఒక చెంచా ఎక్కువ వేసేది, తప్పు చేసినవాణ్ణి నొప్పించకుండా చూసుకునే ఇల్లాలిలా. అది తినడం కష్టంగా ఉండేది. తినేవాణ్ణి.

సీట్లోంచి లేవబోయే ముందు అన్నయ్య ఎడంచెయ్యి దానంతటదే పూలలోకి పోయి, బుడ్డి దీపాన్ని అర తిప్పు తిప్పేది. ఎన్నిసార్లు చెప్పినా ఆ చెయ్యి వినలేదు. వదిన ఆయన్ని పట్టుకుని మెట్లెక్కిస్తుంటే, ఇద్దరూ పైకి చేరేదాకా ఆగి, నేను దాన్ని మళ్ళీ బిగించి బస్సుకి బయల్దేరేవాణ్ణి.